లావు ముల్లు, ముప్పయ్యారు గింజలు

పోయిన నెలలో ఒక ఉదయం, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ప్రత్తిపాడు నుంచి ఫోను వచ్చింది. రత్తమ్మ పిన్ని. పలకరింపు లేదు, ఏడుపు లేదు. "పంతులమ్మా, మీ బాబాయి ఈసారి దాటలేదమ్మా" అంది. ఆ తర్వాత ఆవిడ ఇంకేం చెప్పిందో, నేనేం జవాబిచ్చానో గుర్తు లేదు. కాఫీ చల్లారి మీగడ కట్టేదాకా ఆ గ్లాసు పట్టుకునే కూర్చున్నానని మా ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకు తెలుగు వాచకం చెప్పినదాన్ని. దిగ్భ్రాంతి అనే మాటకు అర్థం ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో. ఆ అర్థం నాకు తెలిసింది మాత్రం ఆ రోజే.

మైకుసెట్టు కోటేశ్వరరావు గారంటే ప్రత్తిపాడు చుట్టుపక్కల పెళ్ళిళ్ళు చేసుకున్న పాతతరం వాళ్ళందరికీ తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పెళ్ళయినా, పేరంటమైనా, శ్రీరామనవమి పందిరైనా, వేపచెట్టుకు లౌడ్‌స్పీకరు కట్టి గ్రామఫోను రికార్డులు వాయించే పని ఆయనది. ఆయన భాషలో అవి రికార్డులు కావు, ప్లేట్లు. వాటిని పాడించేది పెట్టె. సూట్‌కేసులా మూతపడి, పిడి పట్టుకుని బస్సెక్కించుకోగలిగిన రికార్డు ప్లేయరన్నమాట. క్యాసెట్లు వచ్చి, సీడీలు వచ్చి, చివరికి ఫోన్లే పాడటం మొదలుపెట్టాక మైకుసెట్టు మూలపడింది. పెట్టెలు మాత్రం ఆయన ఇంటి ముందుగదిలోనే ఉండిపోయాయి. ఎనభై దాటినా రోజూ పొద్దున్నే వాటి దుమ్ము తుడిచేవారు. మా రెండు కుటుంబాలకూ చుట్టరికమేమీ లేదు. మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. చిన్నప్పటి నుంచి బాబాయి, పిన్ని అని పిలవడమే మా బంధుత్వం.

ఇటువంటి వ్యాసాల్లో పోయినవారిని అజాతశత్రువు అని రాయడం ఆనవాయితీ. నేను రాయను. బాబాయికి శత్రువులున్నారు. దుమ్ము, స్పిరిటు, పది పైసల బిళ్ళ. ఆ బిళ్ళ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. మృదుభాషి అని కూడా రాయలేను. జీవితమంతా లౌడ్‌స్పీకరు కింద గడిపిన మనిషి కావడం వల్ల ఆయన గుసగుసలాడినా వీధి మొదటికి వినపడేది. కాని శబ్దం విషయంలో ఆయనంత సంస్కారం ఉన్న మనిషిని నేను చూడలేదు. "సౌండు పెంచటం ఎవడికైనా వచ్చు పంతులమ్మా. తగ్గించటం నేర్చుకోటానికి నాకు పదేళ్ళు పట్టింది" అనేవారు.

నా చిన్నతనంలో ఒకసారి మా నాన్నగారికి టైఫాయిడ్ వచ్చింది. అదే వారం మా వీధిలో పెళ్ళి. పందిరి మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. బాబాయి చెట్టెక్కి లౌడ్‌స్పీకరు మూతిని మా ఇంటి వైపు నుంచి పొలాల వైపుకు తిప్పేశారు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, "ఏందయ్యా ఇది, ఊరికి వినపడొద్దా?" అని కేకలేశాడట. "పంతులుగారికి జొరం. ఆయన కూడా ఊరేగా" అన్నారట బాబాయి చెట్టు మీద నుంచే. ఆ మూడు రోజులూ పెళ్ళిపాటలన్నీ పత్తిచేల మీదుగా పోయాయి. నాన్న కోలుకున్నాక ఆ సంగతి విని, తన దగ్గరున్న మంచి శాలువా తీసుకెళ్ళి ఆయనకు కప్పివచ్చారు.

ఆయనకు ఒక ఊతపదం ఉండేది. అరిగిపోయిన ప్లేట్లలో కొన్నిచోట్ల పాటను పలికించే సూది, ఆయన మాటలో ముల్లు, ముందుకు పోక, అన్న ముక్కే మళ్ళీ మళ్ళీ అంటుంది. అటువంటి చోటు దగ్గర పడుతుంటే బాబాయి పెట్టె మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూసేవారు. ముల్లు సాఫీగా ముందుకు పోతే నడుం ఎత్తి, "దాటింది" అనేవారు. ఆ మాట పెట్టె దగ్గరే ఆగలేదు. కళ్లంలో మిరపకాయలు ఎండుతుండగా మబ్బు కమ్మి, చినుకు పడకుండా తూర్పుకు పోతే, "దాటింది" అని ఊరంతటికీ వినపడేలా చెప్పేవారు. పిన్నికి కాన్పు కష్టమై తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే అదే మాట. నాలుగేళ్ళ కిందట గుండెపోటు వచ్చి గుంటూరులో చేర్చినప్పుడు, కళ్ళు తెరిచి డాక్టరుగారిని అడిగిన మొదటి మాట, "దాటిందా?" అందుకే పిన్ని ఫోనులో అంతకంటే చెప్పలేదు. నాకు చెప్పనవసరమూ లేకపోయింది.

నేను పదవీవిరమణ చేసిన రోజు మా మేనల్లుడు ఒక కొత్త రికార్డు ప్లేయరు కానుకగా ఇచ్చాడు. చూడముచ్చటైన వస్తువు. లేత నీలం సూట్‌కేసు, ఇత్తడిరంగు మూలలు, మూడు స్పీడ్లు, వైరు లేకుండా ఫోనుతో కలిసే సౌకర్యం. చాలాకాలం దాన్ని ముట్టుకోలేదు. కిందటి కార్తీకంలో ఒక రోజు బుద్ధిపుట్టి, నాన్నగారి ట్రంకుపెట్టెలో మిగిలిన నాలుగైదు పాత ప్లేట్లు బయటికి తీశాను. వాటి నిండా ఏళ్ళనాటి మురికి. అలమరలో కరోనా నాటి శానిటైజరు సీసా ఒకటి కనిపించింది. దూది తడిపి శుభ్రంగా తుడిచాను. ప్లేటు పెట్టి, స్పీడు డెబ్బై ఎనిమిదికి తిప్పి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. గానామృతం కోసం ఎదురుచూస్తే పోపు వేగుతున్న చప్పుడు వినిపించింది. ఆవాలు చిటపటలాడుతుంటే ఆ వెనక ఎక్కడో ఎవరో పాడుతున్నారు. మనసొప్పక ప్లేట్లూ ప్లేయరూ కారులో పెట్టించుకుని గుంటూరులోని మా ఇంటి నుంచి ప్రత్తిపాడు వెళ్ళాను.

బాబాయి ఒక ప్లేటు తీసుకుని వెలుతురుకు వాలుగా పట్టి చూశారు. 

"దీనికేం పూశావు?"

చెప్పాను.

"చేతులకు పూసుకునేది పాటకు పూశావా?" అని, లోపలికి తిరిగి, "ఇదుగో, విన్నావా? పంతులమ్మ పాటకు శానిటైజరు పూసిందంట!" అని కేకేశారు. పిన్నితోపాటు రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా విన్నారు. "ఇది లక్కమ్మా. గాజులు చేసే లక్క లాంటిదే. స్పిరిటు తగిలితే కరుగుద్ది. దూదికి నల్లగా అంటుకుంది చూళ్ళా? అది మురికనుకున్నావా? పాట!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతకాలం బడిలో పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దినదాన్ని, ఆ పూట గోడ కుర్చీ వేసినట్టు నిలబడ్డాను. ఆయనకు జాలేసింది కాబోలు, ప్లేటు తుడిచే పద్ధతి చూపించారు. ఏటా మొదటి తీతలో వచ్చిన పత్తి ఒక గుప్పెడు అడిగి తెచ్చుకుని, గింజ తీసి, ఒక డబ్బాలో దాచుకునేవారు. ఆ పత్తిని మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండి, ముల్లు నడిచే దారి వెంటే గుండ్రంగా తుడవాలి. కొన్న దూదిలో మెత్తదనం ఉండదని ఆయన నమ్మకం. నేను ఏదో సందర్భంలో ధ్వనిముద్రిక అన్నాను. "ముద్రికంటే ఉంగరం కదమ్మా? దీన్ని ఏ వేలికి పెడతావు?" అని ఆటపట్టించారు.

తర్వాత నా నీలం సూట్‌కేసు తెరిచారు. ముల్లు కింద వేలు పెట్టి చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు.

"స్పీడ్లు మూడిచ్చాడు, ముల్లు ఒకటే ఇచ్చాడు. ముగ్గురు పిల్లలకి ఒకే సైజు చెప్పులు కొన్నట్టుంది" అన్నారు. ప్లేటు మీది గీతను ఆయన చాలు అనేవారు, నాగటి చాలు అన్న అర్థంలో. ఈ లక్క ప్లేట్లలో చాలు వెడల్పు. దానికి లావు ముల్లు కావాలి. తర్వాత కాలంలో వచ్చిన పెద్ద ప్లేట్లలో చాలు సన్నం, వాటికి సన్న ముల్లు. తన పాత పెట్టె తెచ్చి పక్కన పెట్టి చూపించారు. ముల్లు తలకాయ పక్కన చిన్న మీట ఉంది. ఇటు తిప్పితే లావు ముల్లు, అటు తిప్పితే సన్న ముల్లు. నా కొత్తదానిలో ఆ మీట లేదు. "నీ సన్న ముల్లు చాలు అడుక్కి పోయి దుమ్ములో పొర్లాడుద్ది. పాట ఉండేది గట్టు పక్కనమ్మా, అడుగున కాదు."

నేను ఆ మాట పట్టుకుని ఉపన్యాసం అందుకున్నాను. "అంతే బాబాయ్, పాతవాటికి సాటి ఏముంది? ఆ రోజుల్లో వస్తువు చేస్తే..." అంటూ ఇంకా ఏవో అన్నాను. మెచ్చుకుంటారనుకుంటే కసురుకున్నారు.

"పాతదైనంత మాత్రాన నెత్తిన పెట్టుకోమాక. తూచి మాట్లాడు."

తూచి అంటే నిజంగానే తూచారు. సైకిలు పుల్లతో ఆయన స్వయంగా చేసుకున్న బుల్లి త్రాసు ఒకటి ఉంది. ఒక కొసన ముల్లును ఆనిస్తారు. రెండో కొసన ఉన్న చిన్న మూతలో గురివింద గింజలు ఒక్కొక్కటే వేస్తారు. త్రాసు సమానంగా నిలిచేదాకా ఎన్ని గింజలు పడితే ముల్లు ప్లేటును అంత బరువుతో నొక్కుతోందని లెక్క. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచిన గింజలతో ఆయన పాట బరువు తూచేవారు. పాత పెట్టెకు అరవై దాటాయి. నా కొత్తదానికి నలభై చిల్లర. "చూశావా? బరువులో కొత్తదే నయం. ఇంక మా మామ వాడిన కీ ఇచ్చే గ్రామఫోనైతే తూచే పనే లేదు. అది పాడదు, దున్నుద్ది" అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ప్లేటు అంచున సుద్దముక్కతో గీత పెట్టి, చేతిగడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ఇద్దరం లెక్కపెట్టాం. పాత పెట్టె లోపలి రబ్బరు చక్రం గట్టిపడి వెనకబడిపోతోంది. "ఇప్పుడు కాదులే, మొదట్నుంచీ దీని నడక మందమే" అని ఒప్పుకున్నారు. కొత్తది గడియారంతో సమానంగా నడిచింది. పాతదాని మోటారు గుర్రు పెడుతుంది, కొత్తదానిలో ఆ చప్పుడే లేదు. కాని ఒకే ప్లేటు రెండింటి మీదా వేసి విన్నప్పుడు, పాతదాని చెక్కపెట్టెలో గొంతు గుండెల్లో నుంచి వచ్చినట్టుంది. కొత్తదానిలో గొంతు ముక్కుతో పాడినట్టుంది. స్పీకరు, ముల్లు ఒకే పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో ఉండటం వల్ల, పాట పెద్దదైతే డబ్బా వణికి ముల్లును కూడా వణికిస్తుందట. విప్పి చూద్దామని స్క్రూడ్రైవరు తీసుకుని నాలుగు వైపులా తిప్పారు. మరలు బయటికి కనపడకుండా అతికించేశారు. "ఇది నాతో మాట్లాడనంటంది" అని చిన్నబుచ్చుకున్నారు.

పిన్ని తీర్పు వేరు. వంట ముగించుకుని వచ్చి, తన ఫోనులోని భజనలు నా సూట్‌కేసులో వినిపించమంది. రెండు పాటలు విని, "ఇదే మేలు. నొక్కితే పాడుద్ది. మీ పెట్టెకి పురిటాలికి చేసినట్టు సేవలు చెయ్యాలి" అని లేచిపోయింది. బాబాయి పగలబడి నవ్వారు. "ఇది చెప్పిందాంట్లో అబద్ధం లేదు" అన్నారు.

నవ్వు ఆగాక రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూశారు. "కాళ్ళు దీనివి, చెయ్యి దానిది అయితే ఒక మంచి పెట్టె అవుద్ది" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. కాళ్ళంటే కొత్తదాని మోటారు, చెయ్యంటే పాతదాని ముల్లు ఉన్న చెయ్యి. లేచి లోపలికెళ్ళి, నూలు పంచెలో చుట్టిన ఒక ప్లేటు తెచ్చి నా ఒడిలో పెట్టారు. మధ్యన కాగితం మీద అక్షరాలు వెలిసిపోయాయి. అయినా చదవగలిగాను. అది మా అమ్మ పేరు.

మా అమ్మ చక్కగా పాడేది. మద్రాసులో ఉద్యోగం చేస్తున్న మా మేనమామ పట్టుబట్టి, అక్కడి ఒక చిన్న కంపెనీ చేత ఆమె పాడిన మంగళహారతిని ప్లేటుగా వేయించాడు. ఆ కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. అమ్మా నిలవలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. మా ఇంట్లో ఉన్న ఒక్క ప్లేటు మీద మా తమ్ముడు కూర్చుంటే అది మూడు ముక్కలైంది. వాడిప్పుడు తాతయ్యాడు గాని, ఆ విషయంలో వాణ్ణి నేనింకా క్షమించలేదు. అమ్మ ముఖం ఫొటోల్లో ఉంది. గొంతు మాత్రం నాకు గుర్తుందో, గుర్తుందని అనుకుంటున్నానో చెప్పలేను. చిన్నప్పుడు పెళ్ళిపందిళ్ళలో బాబాయి వాయించిన ప్లేటు కూడా ఎప్పుడో పగిలిపోయిందనుకున్నాను, ఇంకా ఉందని ఎవరూ చెప్పలేదు. ఉన్నది మా వీధి చివరి ఇంట్లోనే.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"సిగ్గయి" అన్నారు. ప్లేటును వెలుతురుకు వాలుగా పట్టి చూపించారు. నల్లటి ప్లేటులో ఒకచోట బూడిదరంగు చారిక. "ఇది నేనే అరగదీశానమ్మా. అప్పగింతలప్పుడు ఇదే వెయ్యమని ఆడాళ్ళు అడిగేవాళ్ళు. ప్రతి పెళ్ళికీ ఇదే. వేసీ వేసీ చాలుకీ చాలుకీ మధ్య గట్టు అరిగింది. 'పసుపు కుంకుమలు పదిలమై ఉండగా' అనే కాడ ముల్లు వెనక్కి జారేది. పదిలమై, పదిలమై, పదిలమై. పందిరంతా నవ్వులు. మీ అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలా. అందరూ నవ్వుతుంటే నాకు ఉక్రోషమొచ్చి, జేబులో పది పైసల బిళ్ళ తీసి ముల్లు తలకాయ మీద పెట్టా. ఆ బరువుకి పోయింది. ఇంక అప్పట్నుంచీ ప్రతి పెళ్ళికీ బిళ్ళే."

మైకుసెట్టు వాళ్ళందరూ చేసే పనే అది. నాకు గుర్తుంది, ఏ పందిట్లో చూసినా ముల్లు మీద ఒక బిళ్ళ మెరుస్తూ ఉండేది. 

"దాటిందని సంబరపడ్డా. అది దాటటం కాదమ్మా, తొక్కటం. తొక్కినప్పుడల్లా గట్టు ఇంకాస్త తెగింది. నాకు తెలిసేసరికి ఇట్టా అయింది. ఆ రోజు పక్కన పెట్టినవాణ్ణి, మళ్ళీ వాయించలా."

నేను అప్పటికప్పుడు వినాలన్నాను. ఆయన ససేమిరా అన్నారు. పాత పెట్టెలో లావు ముల్లు అరిగి అంచు తేలింది, కొత్తదానిలో లావు ముల్లే లేదు, ఏది పెట్టినా గట్టు తెగిపోతుందని, తెగితే మళ్ళీ అతకదని. "ఒక్కసారే వాయిద్దాం. ఫోనులోకి ఎక్కిద్దాం. ఆ ఒక్కసారి కుదరాలి. నాకు ముల్లు దొరకనీ" అన్నారు. అరవై దాటిన నేను ఐదో తరగతి పిల్లలా అరిచాను. "మా అమ్మ గొంతు వినడానికి నాకు మీ అనుమతి కావాలా?" అన్నాను. అరగదీసిన మనిషి ఇప్పుడు దాచిపెడుతున్నాడని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. ఆయన ప్లేటును మళ్ళీ పంచెలో చుట్టారు. నేను నా సూట్‌కేసు కూడా అక్కడే వదిలేసి కారెక్కాను. రెండు నెలలు ఫోను చేయలేదు.

ఆయనే చేశారు. "ఏమ్మా, అలక తీరిందా? ముల్లు దొరికింది." సింగరాయకొండలో తనలాగే మైకుసెట్టు నడిపిన పాత స్నేహితుడు ఒకాయన ఉన్నాడని, ఆయన ఇంటి అటక మీద వాడని లావు ముల్లు ఒకటి కాగితంలో భద్రంగా ఉందని తెలిసి, గుండెకు మందులు మింగుతూ, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి తెచ్చుకున్నారట. వెనకనుంచి పిన్ని తిట్లు ఫోనులో స్పష్టంగా వినపడుతున్నాయి. నేను ఏడ్చాను. క్షమించమని అడిగాను. "వైరు వదులైందిలే, బిగిద్దాం" అన్నారు.

నేను వెళ్ళేసరికి నా నీలం సూట్‌కేసు రెండు ముక్కలై ఉంది. అది ఆయనతో మాట్లాడక తప్పలేదు. దాని మోటారు, తిరిగే పళ్ళెం తీసి, పాత పెట్టె చెక్కలో కూర్చారు. చెయ్యి పాతదే. దాని వెనక ఒక సన్నటి స్ప్రింగు కట్టి బరువు తగ్గించారు. నేను శానిటైజరు పూసి పాడుచేసిన ప్లేట్ల మీదే పరీక్షలన్నీ జరిగాయి. ఒక గింజ వేస్తారు, వింటారు. తల అడ్డంగా ఊపి స్ప్రింగు సవరిస్తారు. మళ్ళీ తూస్తారు. బరువు మరీ తగ్గితే ముల్లు గంతులేస్తుంది, పెరిగితే దున్నుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడుందో వెతికారు. ఏ విద్యాలయంలోనూ ధ్వనిశాస్త్రం చదవని ఆ మనిషి ఏకాగ్రత చూస్తే నాకు చేతులు జోడించాలనిపించింది.

అంతా సిద్ధమయ్యేసరికి మిరపకాయ కళ్లాల్లోకి వచ్చింది. వాళ్ళ ఇంటి వెనకే కళ్లం. ఎర్రగా పరిచిన కాయ మీద గాలి తిరిగితే చాలు, ఇంట్లో అందరికీ దగ్గులు, తుమ్ములు. "మీ అమ్మ పాటలో నా దగ్గెందుకు? కాయ కోల్డ్ స్టోరేజీకి పోనీ. ఉగాది దాటినాక ఆదివారం పెట్టుకుందాం" అన్నారు బాబాయి. నేను సరేనన్నాను. ఆ ఆదివారానికి ముందు గురువారం ఉదయమే పిన్ని ఫోను చేసింది.

ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పటి నుంచి ఒక లెక్క నన్ను వదలడం లేదు. నేను అలిగిన ఆ రెండు నెలలు మిరపకు ముందు నెలలు. అప్పుడు దగ్గులు లేవు. నేను అలగకపోయి ఉంటే ముల్లు కోసం ఇద్దరం కలిసి వెతికేవాళ్ళం, కళ్లం పరిచేలోపు వాయించేవాళ్ళం. తాను తొక్కిన చోటు దాటుతుందో లేదో ఆయన తన చెవులతో వినేవారు. దశాబ్దాల తరబడి ఆ మనిషి మోసిన బరువు అది. దించుకునే వేళకు నేను మూతి ముడుచుకుని గుంటూరులో కూర్చున్నాను.

పెదకర్మ అయిన మర్నాడు పిన్ని నన్ను రమ్మంది. ముందుగదిలో పెట్టె తుడిచి ఉంది. మీద ఉతికిన పంచె. పంచెలో అమ్మ ప్లేటు, ఒక అగ్గిపెట్టె. ప్లేటు తొడుగు మీద బాబాయి పెద్ద పెద్ద అక్షరాలు.

"లావు ముల్లు. 36 గింజలు. బిళ్ళ వద్దు."

అగ్గిపెట్టె తెరిస్తే గురివింద గింజలు. లెక్కపెట్టాను. ముప్పయ్యారే. "పోయే ముందురోజు కూర్చుని రాశాడమ్మా. రోజూ చూసే పెట్టెకి చీటీ ఏందయ్యా అంటే, మతిమరుపు వచ్చుద్దేమోనే అన్నాడు" అని పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కళ్లం ఖాళీ అయింది. మధ్యాహ్నం. పిన్ని ఫ్యాను ఆపి, కిటికీ మూసి వచ్చింది. నేను మీట లావు ముల్లు వైపు తిప్పాను. సైకిలు పుల్ల త్రాసు పెట్టి, ముప్పయ్యారు గింజలూ వేసి, అది సమానంగా నిలిచేదాకా చూశాను. మొదటి తీత పత్తితో ప్లేటు తుడిచాను. ఫోను స్పీకరుకు ఎదురుగా పెట్టి, చెయ్యి ఎత్తి, ముల్లు దించాను.

అమ్మ పాడింది. నేను గుర్తుందనుకున్న గొంతు కాదు అది. నా జ్ఞాపకంలో అమ్మ గొంతు బరువుగా, నిదానంగా, ఒక పెద్దావిడ గొంతులా ఉండేది. ఆ నడక పాత పెట్టెదని నాకు అప్పుడు అర్థమైంది. అమ్మ పోయాక పెళ్ళిపందిళ్ళలో నేను విన్నదంతా మందంగా తిరిగిన గొంతే. సరైన వేగంతో తిరిగితే అది పాతికేళ్ళ అమ్మాయి గొంతు. లేతగా, కొంచెం తొందరగా, ప్రతి చరణానికీ ముందు చిన్న ఊపిరి తీసుకుంటూ ఉంది. నా విద్యార్థినులలో ఎవరో ప్రార్థన పాడుతున్నట్టుంది. నాకు ఆనందమో దుఃఖమో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

బూడిదరంగు చారిక దగ్గర పడుతోంది. పిన్ని లేచి వచ్చి పెట్టె మీదికి వంగింది, అచ్చం ఆయన వంగినట్టే. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. "పసుపు కుంకుమలు" అంది అమ్మ. "పదిలమై" అంది. ముల్లు ఒక్క క్షణం తడబడినట్టు చిన్న టక్కుమనే చప్పుడు వినిపించింది.

"ఉండగా" అంది అమ్మ.

"దాటింది" అంది పిన్ని, పైకే, ఫోను పక్కనే ఉందన్న సంగతి మరిచిపోయి. అని నాలుక కరుచుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పాట చివరిదాకా అలాగే నిలబడ్డాం. ముల్లు ఎత్తి, ప్లేటును పంచెలో చుట్టేశాం. ఇంక దాన్ని వాయించం.

ఇటువంటి మనిషి మళ్ళీ పుట్టడని చేయి తిరిగినవాళ్ళు రాస్తారు. నాకు తెలిసింది ఇంతే. మా ఊళ్ళో పాట బరువు తూచగల మనిషి ఒకే ఒక్కరు ఉండేవారు, ఇప్పుడు లేరు. ఆ గింజలు వేసేటప్పుడు నేను తప్పు చేస్తే చెప్పేవాళ్ళు లేరు. కళ్లం మీద మబ్బు పోతే అందరికీ వినపడేలా చెప్పేవాళ్ళు లేరు. ఆయన పెట్టెల ముందు, ఆయన పశ్చాత్తాపం ముందు తలవంచి నమస్కరిస్తున్నాను.

అమ్మ పాట ఇప్పుడు నా ఫోనులో ఉంది. పాట మధ్యలో పిన్ని మాట కూడా ఉంది. ఆ ఒక్క మాటను తీసేసి పాటను శుభ్రం చేయడం చిటికెలో పని అన్నాడు మా మేనల్లుడు. శుభ్రం చేయడం గురించి నాకు చెప్పొద్దు, ముట్టుకోవద్దు అన్నాను. ఆ చోట ఆ మాట ఉండవలసిందే. అనవలసిన మనిషి వినలేదు, అంతే.

బాబాయ్, బిళ్ళ పెట్టలేదు. దాటింది.